లింకర్ అడిగిన పేరు

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. ఊపిరి ఇచ్చేవాడు ఆయనే, తిరిగి తీసుకునేవాడు ఆయనే. ఇందులో నా గొప్ప ఏమీ కనిపించకూడదని ఆయన్ని వేడుకుని రాయడం మొదలుపెడుతున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా నాన్న అద్దంకి దగ్గర ఒక పల్లెలో సంఘ కాపరి. చనిపోయినవారు నిద్రిస్తున్నారని, కడబూర మోగేదాకా ఎవరూ లేవరని వింటూ పెరిగాను. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని పిలిస్తే నాన్న వెళ్ళి ప్రార్థన చేసి, ఆ వెంటనే ఆసుపత్రికి పంపేవారు. నాదీ అదే తీరు. పైగా నా పని కంప్యూటర్లతో. వాటిలో కారణం లేకుండా ఏదీ జరగదు. కారణం దొరకలేదంటే మనం సరిగా వెతకలేదనే అర్థం.

మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కంప్యూటర్లు చూడటం నా ఉద్యోగం. ఇది జరిగింది మొన్నటి వేసవిలో, గుంటూరుకు దూరంగా ఉన్న ఒక స్టోరేజీలో. దాని పేరు రాయను.

అక్కడ గదుల చలిని, ప్రమాద గంటను ఒకే ప్రోగ్రాం నడిపిస్తుంది. ఎవరైనా లోపల చిక్కుకుంటే తలుపు పక్కనున్న మీట నొక్కాలి. ఆ కబురు ఆఫీసు గదిలోని లినక్స్ కంప్యూటర్‌కు చేరితే గంట మోగుతుంది. పాత కంప్యూటర్ పాడైపోవడంతో ఆ రోజు కొత్తది పెట్టాను. పాత ప్రోగ్రాం దాని మీద నడవలేదు. మూల కోడ్ చేతిలో ఉంది కాబట్టి కొత్త కంప్యూటర్‌కు తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేస్తే సరిపోతుందనుకున్నాను. మీటల తీగలు వచ్చే పెట్టెను విప్పి బల్ల మీద పెట్టాను.

యంత్రాలు ఆగాయి కాబట్టి గదుల్లో చల్లదనం పోకుండా తలుపులు మూసేయాలన్నారు సూపర్‌వైజర్ మస్తాన్ గారు. లోపల రాలిన కాయలు ఏరుతున్న ఆడవాళ్ళను బయటకు పిలిచారు. వాళ్ళను పేర్లతో పిలిచి లెక్క చూసుకోవడం ఆయన అలవాటు.

"వెంకాయమ్మా, వచ్చావా?"

"నీ ఎదురుగానే ఉన్నాగా మస్తాన్ బాయ్. కళ్ళజోడు మార్పించుకో."

అందరూ నవ్వారు. తలుపులు పడ్డాయి. ఆడవాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ఇదంతా నేను కిటికీలోంచి చూశాను.

పని మామూలుగానే సాగింది. హెడర్ ఫైల్ లేదని కంపైలర్ ఆగితే ఆ ప్యాకేజీ వేశాను. పాత పద్ధతిలో రాసిన రెండు ఫంక్షన్లను ఒప్పుకోకపోతే దిద్దాను. కోడ్ ముక్కలన్నీ కంపైల్ అయ్యాయి. ఇక వాటిని ఒకటిగా కలిపేది లింకర్. ఒక ముక్క ఏదైనా పేరును పిలిచి, ఆ పేరుగలది ఎక్కడా లేకపోతే, లింకర్ ఆ పేరు చెప్పి ఆగిపోతుంది. మొదట గణితం లైబ్రరీ దొరకలేదంది. ఆదేశంలో దాన్ని చివర రాయాల్సింది ముందు రాశాను. మార్చాను. ఆ తప్పులన్నీ పోయి ఒక్కటి మిగిలింది.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్, అంటే పిలిచిన పేరుగలది ఎక్కడా లేదని. దాని పక్కన ఇంగ్లిషు అక్షరాల్లో కెజీయా.

ఎవరో ఫంక్షన్‌కు అలా పేరు పెట్టి ఉంటారనుకున్నాను. కోడ్ అంతా వెతికాను. ఆ పేరు లేదు. కంపైలైన ముక్కలు ఏయే పేర్లు అడుగుతున్నాయో చూపించే పరికరం ఉంటుంది. దానితో ఒక్కో ముక్కా చూశాను. ఏదీ ఆ పేరు అడగడం లేదు. అన్నీ చెరిపేసి మొదటి నుంచి కంపైల్ చేశాను. మళ్ళీ తెర మీద అదే వరుస. కోడ్‌ను వేరే చోటికి కాపీ చేసి అక్కడ చేశాను. అదే.

మస్తాన్ గారు టీ తెచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఏమంటోందండీ మీ లినక్సు?"

"కెజీయా ఎవరని అడుగుతోందండీ. ఆ పేరుతో ఇక్కడ ఎవరన్నా ఉన్నారా?"

"లేరే. అయినా అది మీ చర్చి పేరులా ఉంది. మీతో తిరిగి దీనికీ భక్తి పట్టిందా ఏందండీ?"

నవ్వబోయి ఆగాను. లేఖనాల్లో ఒక్కచోటే కనిపించే పేరు అది. మా ప్రాంతంలో ఆ పేరుగల మనిషి నాకు తెలిసి ఒక్కరే. సాగర్ కాలువలో ఆమెకు బాప్తిస్మం ఇచ్చి ఆ పేరు పెట్టింది మా నాన్నే. మాలో చాలామందికి రెండు పేర్లు. సంఘంలో ఒకటి, పనిచోట ఇంకొకటి. పనిచోట ఆ పెద్దావిడ పేరు వెంకాయమ్మ. పొద్దున నేను వచ్చినప్పుడు గేటు దగ్గర నాకు వందనాలు చెప్పింది.

"మీ దగ్గర వెంకాయమ్మలు ఎంతమందండీ?" అన్నాను.

"ఇద్దరు. ఏం?"

"పెద్దావిడ బయటకు రావడం చూశారా?"

ఆయన గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తారు.

రెండో గదిలో, బస్తాల వెనక, మీట కిందే కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడలేదు. ఒళ్ళు కట్టెలా ఉంది. మోసుకొచ్చి ఎండలో పడుకోబెట్టాం. మస్తాన్ గారు ఆమె అరికాళ్ళు రుద్దుతూ ఏడ్చారు.

ఆమెను ఆసుపత్రికి పంపాక గదిలోకి వచ్చాను. ఏమీ మార్చకుండా అదే ఆదేశం మళ్ళీ ఇచ్చాను. ఒక్క తప్పు లేకుండా ప్రోగ్రాం తయారైంది.

హైదరాబాద్‌లో ఇదే పని చేసే స్నేహితుడికి ఫైళ్ళన్నీ పంపాను. "పాత ముక్క ఏదో మిగిలుంటుందిరా," అన్నాడు. అన్నీ చెరిపే చేశానన్నాను. మీట కబురు ఎలాగో చేరిందేమో అన్నారు ఇంకొకరు. ఆ పెట్టె విప్పి బల్ల మీదే ఉంది. ఒకవేళ చేరినా మీటకు మనుషుల పేర్లు తెలియవు.

ఆసుపత్రిలో ఆమె మాట గుసగుసలాగే వచ్చింది. వేలు వాచేదాకా మీట నొక్కిందట. గంట మోగలేదట. "అరిచి అరిచి గొంతు పోయింది బాబూ. నీ బిడ్డ కెజీయాను మర్చిపోయావా అని ప్రభువునే అడుగుతా కూర్చున్నా."

ఇది సంఘంలో సాక్ష్యంగా చెప్పమన్నారు మా పాస్టరు గారు. నిలబడ్డాను కానీ చెప్పలేకపోయాను. ప్రార్థన ఆలకించేవాడు దేవుడని నమ్ముతాను. కానీ తలుపు తీయగలవాడు ఒక వరుస రాసి ఊరుకున్నాడని ఏ నోటితో చెప్పను? ఆయన కాదంటే ఆ పేరు అడిగింది ఎవరు? ఆ వరుస మొదటిసారి కనిపించినప్పుడు ఆమెకు ఇంకా గొంతు ఉండి ఉంటుంది. నేను కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చున్నాను. ఇవాళ్టికీ నాకు లెక్క తేలలేదు.

ఆమె బతికింది. గొంతు తిరిగి రాలేదు. తలుపున్న చోట ఉండలేదు. వాన పడుతున్నా వసారాలోనే పడుకుంటుంది. ఆదివారం గుడి మెట్ల మీద కూర్చుని వాక్యం వింటుంది కానీ లోపలికి రాదు.

ఇది చదువుతున్నవారు దయచేసి ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలవండి. ప్రభువా, ఆ తల్లికి తలుపు మూసిన గదిలో ఒక్క రాత్రయినా భయం లేని నిద్ర దయచేయుము. ఆమేన్.