ఆరో చాయ్ గ్లాసు

ఈ ప్రశ్న మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నాలుగుసార్లు అడిగాను. ఎవరూ పలకలేదు. అందుకే పత్రికకు రాస్తున్నాను.

బీదర్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో నా పాత బైకును చూసి, "అన్నా, గది సైకిల్ టైరా?" అని తోటివాళ్లు నవ్వేవారు. ఆదివారం వాళ్లలో ఐదుగురితో కలిసి బైకుల మీద హుమ్నాబాద్ వెళ్లాలని వెనక వెడల్పు చక్రం, టైరు వేయించాను.

"చైన్‌కు రాసుకుంటది, వద్దన్నా" అని మెకానిక్ చెప్పినా వినలేదు.

సగం దారిలో టైరు చైనుకు ఒరుసుకుని చక్రం పట్టేసింది. బైకుతో సహా రోడ్డు మీద పడ్డాను. వెనక వస్తున్న లారీ జానెడు దూరంలో తప్పుకుపోయింది. ముందు వెళ్తున్న ఐదుగురూ ఆగలేదు. మోకాలికి రుమాలు కట్టుకుంటుంటే గ్రూపులో ఫోటో వచ్చింది. ఐదు చాయ్ గ్లాసులు, కింద "అందరం చేరుకున్నం" అన్న మాట.

టైరు తప్పు నాదే. కానీ చాయ్ చెప్పేటప్పుడు ఆరోవాడు ఎక్కడని మీ ఐదుగురిలో ఒక్కరైనా అడిగారా? ఇప్పటికైనా జవాబు చెప్పండి.