కంప్యూటరుకు నా కుట్టుపని

నా మొదటి ఉద్యోగాన్ని అది చేతికి రాకముందే ఎలా తగలబెట్టుకోబోయానో చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, కానీ మధ్యలో ఆపి "నిజంగా అంత పని చేశావా?" అని మాత్రం అడగొద్దు. చేశాను. రెండు చేతులా చేశాను.

అరవైల చివర్లో గుంటూరులో బీయస్సీ లెక్కలు పాసై, మంగళగిరిలో మా ఇంటికొచ్చి పడ్డాను. మాది నేత ఇల్లు. మా నాన్న పొద్దున్నే మగ్గం గుంటలోకి దిగితే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు. డిగ్రీ చదివినవాణ్ణి, ఆ గుంటలో కాలు పెట్టనని శపథం పట్టి, నేను మాత్రం అరుగు మీద కూర్చుని పేపర్లో ఉద్యోగ ప్రకటనలు చదువుతుండేవాణ్ణి. ఆరు నెలలు ఓపిక పట్టి నాన్న ఒకరోజు తేల్చేశాడు.

"దసరాలోగా ఉద్యోగం వచ్చిందా, సరే. రాలేదా, రెండో మగ్గం ఖాళీగానే ఉంది."

ఆ రెండో మగ్గం నాకు కలలోకి కూడా వచ్చేది.

సరిగ్గా అప్పుడే గుంటూరులో ఒక పొగాకు కంపెనీ వాళ్ళు కంప్యూటరు అనే యంత్రం తెప్పించి, దానికి ప్రోగ్రామర్ కావాలని ప్రకటించారు. ప్రోగ్రామర్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు గనక పోటీ తక్కువని ధైర్యం చేశాను. మద్రాసు నుంచి వచ్చిన రాఘవన్ గారనే ఆఫీసరు నాకు నాలుగు లెక్కలిచ్చి చూశారు. రెండు వారాలు పని నేర్పుతాననీ, ఆ తరువాత నేను రాసిన ప్రోగ్రాం నడిస్తే ఉద్యోగమనీ, నడవకపోతే మంగళగిరి బస్సనీ చెప్పారు.

ఆ యంత్రానికి మాటలు రావు. దానికి చెప్పాల్సిన ఒక్కో మాటనూ ఒక్కో అట్టముక్క మీద చిల్లులుగా కొట్టిస్తే, ఆ చిల్లులు చదువుకుని పని చేస్తుంది. అట్టల వరస తప్పిందా, అంతా గల్లంతే. ఇది వినగానే నేను లోలోపల నవ్వుకున్నాను. ఎందుకంటే మా నాన్న మగ్గం మీద జకార్డు పెట్టె ఉంది. చీర అంచులో పూలు రావాలంటే దానికీ చిల్లుల అట్టలే. చిల్లున్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. లోకమంతా కొత్తదని గుడ్లప్పగించి చూస్తున్న విద్యను నేను ఉయ్యాల్లోంచే చూస్తున్నానన్నమాట. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో అది సగమే నిజం. పోవడానికి ముందు ఉండాలి కదా.

రెండు వారాలు గడిచాక, ఒక శనివారం నా ప్రోగ్రాం అట్టలు, తొంభై పైచిలుకు, నా చేతిలో పెట్టారు. ఇంటి దగ్గర తప్పులు సరిచూసుకుని సోమవారం తెమ్మన్నారు. "వరస జాగ్రత్త. నీకంటే ముందొచ్చిన అబ్బాయి మెట్ల మీద జారవిడిచాడు. ఆ సాయంత్రమే ఇంటికి పంపించేశాను," అన్నారు రాఘవన్ గారు.

ఆ మాట పట్టుకుని ఆదివారం మధ్యాహ్నం వసారాలో అట్టలు పరుచుకుని కూర్చున్నాను. మా జకార్డు అట్టల్ని దారంతో ఒకదానికొకటి కలిపి గొలుసులా కుడతారు. ఇక వాటిని ఎక్కణ్ణుంచి పడేసినా వరస చెదరదు. ఇంత చిన్న ఉపాయం అంత పెద్ద మద్రాసు వాళ్ళకు తట్టలేదే అని జాలిపడి, లేచి వెళ్ళి దబ్బనం తెచ్చుకున్నాను.

మగ్గం దగ్గర్నుంచి నాన్న మెడ చాచి చూశాడు. "ఏం చేస్తున్నావురా?"

"కుడుతున్నా నాన్నా."

"వాళ్ళు కుట్టమన్నారా?"

"వాళ్ళకి మగ్గం సంగతి ఏం తెలుసు?"

"నీకు తెలుసా?" అన్నాడు నాన్న.

నేను దబ్బనంలోకి దారం ఎక్కించాను. ప్రతి అట్టకూ అంచుల్లో చిల్లులు పొడిచి, గట్టి నూలు దారంతో సాయంత్రానికల్లా అట్టలన్నీ కుట్టేశాను. చెప్పొద్దూ, కుట్టు చూడముచ్చటగా కుదిరింది.

సోమవారం చెప్పులు బయట విడిచి ఆ చల్లటి గదిలో అడుగుపెట్టేసరికి రాఘవన్ గారు పక్కగదిలో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆయన వచ్చేలోగా నడిపించి ఆశ్చర్యపరుద్దామని, నా అట్టల దండను సంచిలోంచి తీసి, యంత్రానికి అట్టలందించే పళ్ళెంలో పెట్టి మీట నొక్కాను.

యంత్రం మొదటి అట్టను గుటుక్కున మింగింది. దాని వెనకే రెండోది, మూడోది బిలబిలమంటూ వెళ్ళాయి. ఆ తరువాత లోపల ఏదో పటపటా తెగింది. ఇంకోవైపు నుంచి తెల్లకాగితం, ఒక్క అక్షరమైనా లేకుండా, గుట్టలుగా పడడం మొదలుపెట్టింది. నేను దండ కొస పట్టుకుని వెనక్కి లాగాను. యంత్రం ముందుకు లాగింది. బలం దానిదే.

రాఘవన్ గారు పరుగున వచ్చి కరెంటు ఆపేశారు. దండను రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఏమిటిది?"

"వరస తప్పకుండా కుట్టానండి."

"నువ్వు పొడిచిన చిల్లులు కూడా అది చదివిందయ్యా. నీ ప్రోగ్రాం మీద నీ దబ్బనం ఇంకో ప్రోగ్రాం రాసింది." కుట్టును వేలితో తడిమి చూసి అడిగారు. "ఈ కుట్టు ఎవరు నేర్పారు?"

"మా నాన్నండి."

"వెళ్ళి ఆయన్ని తీసుకురా."

మద్రాసు మెకానిక్కు రావాలంటే వారం పడుతుందట. నష్టం నాన్న దగ్గర వసూలు చేస్తారనుకుని బస్సులో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఏడ్చినంత పని చేశాను. నాన్న మాత్రం మొలలో ఏదో దోపుకుని నా వెంట బస్సెక్కాడు. వచ్చి, రాఘవన్ గారు మూత విప్పి చూపించిన యంత్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మగ్గంలో తెగిన పోగులు లాగే సన్నటి కొక్కెం మొలలోంచి తీశాడు. దారం ముక్కలూ అట్ట ముక్కలూ ఒక్కొక్కటే లాగి, తన తువ్వాలు మీద వరసగా పేర్చాడు. రెండు గంటల్లో యంత్రం మళ్ళీ తిరిగింది.

రాఘవన్ గారు ఆ తువ్వాలు వైపే చూస్తూ, "పెద్దాయనా, మీరు మా దగ్గర పనిలో చేరతారా? ఈ అబ్బాయికిస్తానన్న ఉద్యోగం మీకిస్తాను," అన్నారు.

ఉద్యోగం నాన్నకూ, రెండో మగ్గం నాకూ ఖాయమైపోయాయి.

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నాకెందుకండీ, చేతినిండా పనుంది. వాడికే ఇవ్వండి."

"ఇంత చేశాక కూడానా?"

"ఏం చెయ్యమంటారండీ? మీరు వద్దంటే నా మగ్గం మీద కూర్చుంటాడు. మీది ఇనుప యంత్రం, తట్టుకుంటుంది. నాది కర్రది."

రాఘవన్ గారు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. కొత్త అట్టలు కొట్టించి నడిపిస్తే ప్రోగ్రాం నడిచింది, ఉద్యోగమూ వచ్చింది. ఆ రోజే యంత్రం సాక్షిగా, కన్నతండ్రి ఎదుట, వట్టి కాళ్ళతో నిలబడి ప్రమాణం చేశాను, ఈ జన్మలో సూదీ దారం ముట్టనని. మాట తప్పలేదు. నేటికీ చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకునే తిరుగుతున్నాను.