సముద్రం మీద మీమూన్

"ముంచితే ముంచు, గట్టెక్కిస్తే గట్టెక్కించు. ఏదో ఒకటి తేల్చవయ్యా జిలాలీ. పొద్దున్నే ఆలివ్‌కాయల ఉప్పునీళ్లలో చెయ్యి పెడితే చాలు, నీ సముద్రమే గుర్తొస్తోంది."

ఈ మాటలంటున్నవాడు బూషతా. మా మెక్నెస్ ఊళ్లో హెదీమ్ చౌకును ఆనుకుని ఉన్న, పైకప్పు వేసిన బజారులో ఆలివ్‌కాయల కొట్టు అతనిది. కొట్టు తమ్ముడికి అప్పగించి, సాయంత్రప్పూట అసర్ నమాజు కాగానే కథ వినడానికి వచ్చేస్తాడు. నేను వెళ్లేసరికి తగాదా మంచి ఊపులో ఉంది. గుంపు మధ్యలో కర్ర పట్టుకుని నిలబడ్డ కథకుడు జిలాలి ముఖం వేలాడేసుకుని, గాలి లేదనీ, తెరచాప కదలట్లేదనీ, తానేం చెయ్యగలననీ అంటున్నాడు.

"గాలి నీ నోట్లోంచే గదా రావాలి," అన్నాడు బూషతా. "ఊదు."

గుంపంతా నవ్వింది. జిలాలి నవ్వలేదు.

అతని సంగతి చెప్పాలి. పొద్దుటిపూట ఇళ్లకు వెళ్లి పరుపులు విప్పి, ఉన్ని ఏకి, మళ్లీ కూరి కుట్టడం అతని పని. అందుకే అతని పొడవాటి జెల్లాబా అంగీ మీద ఎప్పుడు చూసినా ఉన్ని పోగులుంటాయి. సాయంత్రం చౌకులో కథలు. గడ్డానికి గోరింటాకు పెడతాడు. మర్యాదగా పిలిచేవాళ్లు బా జిలాలి అంటారు, పెద్దాయనా అన్నట్టు. వయసెంతని అడిగితే ఏటా ఒకే అంకె చెప్తాడు. కథలు నేర్పింది కుండలమ్మే అల్లాల్ అనే ముసలాయన; తనకు కొడుకుల్లేక ఇతన్ని చేరదీశాడు. బయట ఇంత మాట్లాడే మనిషి ఇంట్లో ఉప్పు అందించమని కూడా నోరు తెరవడని అతని భార్య జహూర్ ఇరుగుపొరుగుకు చెప్పుకుంటుంది. గొప్ప కథకుడని నేను అనను. పాటలు శ్రుతి తప్పుతాయి. అతని కథల్లో ఆడవాళ్లకు ఏడవడం, వండటం తప్ప వేరే పని ఉండదు. కానీ ఒకడికి ఆపద వస్తోందంటే జిలాలి గొంతులో ఏదో మారుతుంది. అప్పుడు కోతినాడించేవాడు కూడా కోతిని చంకనేసుకుని వచ్చి నిలబడతాడు.

ప్రస్తుతం నడుస్తున్నది రంగులద్దేవాడి ఇద్దరు కొడుకుల కథ. పెద్దవాడు మీమూన్ నీలిమందు తేవడానికి ఓడెక్కుతాడు, తుఫానులో మునిగిపోతాడు. ఆ చావు కబురు విని చిన్నవాడు జర్వాల్ ఇల్లు విడిచి బయల్దేరతాడు. అసలు కథంతా ఆ తర్వాతే. నా చిన్నప్పటి నుంచి జిలాలి మీమూన్‌ను ఎన్నిసార్లు ముంచాడో లెక్కలేదు. ఒక సాయంత్రం ఓడెక్కేవాడు, మర్నాటికి మునిగేవాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కథలో మనిషికి ప్రాణం మీదికొచ్చినప్పుడు కథకుడు కర్ర నేలకు తాటించి ఆగుతాడు. ఫలానావాడి కోసం చేతులు చాపండి అంటాడు. అందరూ అరచేతులు ఆకాశానికి తెరుస్తారు. అతను దువా చదువుతాడు, మేం ఆమీన్ అని ముఖాలు తడుముకుంటాం. కథ ఆ తర్వాతే కదులుతుంది. నిజం మనిషికా కథలో మనిషికా ఈ దువా అని ఎవరూ అడగరు.

ఈసారి మీమూన్ ఓడెక్కిన సాయంత్రం కూడా అలాగే "సముద్రం మీదున్న మీమూన్ కోసం" అని జిలాలి చేతులు చాపించాడు. సరిగ్గా అప్పుడే లల్లా గీతా ఖాళీ బుట్టతో అటుగా పోతోంది. మన్సూర్ దర్వాజా దగ్గర రవ్వరొట్టెలు అమ్ముతుంది ఆవిడ; లల్లా అంటే మా దగ్గర అమ్మగారు అన్నట్టు. కొడుకు పేరు మీమూన్. ఆకురాలే కాలంలో నాదోర్ తీరాన పడవెక్కి స్పెయిన్‌కు బయల్దేరాడు. చలి ముదిరినా ఫోన్ రాలేదు. ఆవిడ బుట్ట కింద పెట్టి చేతులు చాపింది.

మర్నాడు రొట్టెలు, ఎండు అంజూరాలు తెచ్చి గుంపులో అందరికీ పంచింది. ఎవరో పోయినవాళ్ల పేరు మీద దానమనుకుని జనం తిన్నారు. జిలాలి మాత్రం ఎందుకని అడిగాడు. పక్కనే ఉన్నాను గనక విన్నాను. నా కొడుకు కోసం దువా చేయించావు గదా బా జిలాలి, అంది ఆవిడ. జిలాలి అంజూరం నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

కథలో గాలి ఆగిపోయింది ఆ రోజే. తర్వాత ఒక మాట్లాడే చేప వచ్చింది. ఒక దీవి వచ్చింది. ఆ దీవి తిమింగలమని తేలింది. రోజూ చేతులు చాపడం, రోజూ ఆమీన్. గుంపు పలచబడింది. నేను సాహిత్యం చదువుతానని కాలేజీలో చేరినప్పుడు మా మాస్టారు బోర్డు మీద పాత్ర, సంఘర్షణ, మలుపు, ముగింపు అని రాసి మధ్యలో బాణాలు గీసేవాడు. రెండో ఏడు చదువు మానేశాను గానీ ఆ బాణాలు వదల్లేదు. ఆ లెక్కన జిలాలి కథ చచ్చిపోయి చాలా రోజులైంది. తగాదా జరిగిన సాయంత్రం టీ కొట్టులో ఆ మాట అతని ముఖం మీదే అన్నాను.

పేరు మార్చెయ్యమన్నాను. ఆ పేరు మీద అంతమంది ఆమీన్ అన్నాక మార్చడానికి నేనెవర్ని అన్నాడు. అయితే గట్టెక్కించమన్నాను. గ్లాసులో పుదీనా రెబ్బను వేలితో అటూ ఇటూ నెట్టాడు.

"గట్టెక్కిస్తే ఆవిడ ఇంటికెళ్లి, కొడుకు వస్తాడని వాడి పరుపు ఎండలో వేస్తుంది. నాకేం తెలుసని వేయించాలిరా? పోనీ ముంచాననుకో. వాడి తల్లి ఎదురుగా కూచునుంటే, నా నోటితో ఎలా ముంచను?"

"అయితే ఓడ దిగెయ్ బా. కథలో మీమూన్ తల్లి దగ్గరికి వెళ్లు. ఆవిడకు తెలిసిందే చెప్పు, తెలియనిది నువ్వూ చెప్పకు."

"ఇది కూడా మీ మాస్టారి బాణమేనా?"

బాణం కాదనీ, కథ ఎవరి కంటితో చూస్తామన్నదనీ, దాన్ని దృష్టికోణం అనేవాడనీ చెప్పాను. జిలాలి పెదవి విరిచాడు. కానీ మర్నాడు అదే పట్టుకున్నాడు.

నీలిరంగు వదలని చేతులతో రంగులవాడి పెళ్లాం రోజూ రేవుకు వెళ్తుందనీ, వచ్చిన ప్రతి ఓడనూ అడుగుతుందనీ మొదలుపెట్టాడు. అలవాటు లేని దారి గనక తడబడ్డాడు. రెండు చోట్ల ఆవిడను ఊరికే ఏడిపించాడు. అయినా గుంపు దగ్గరికి జరిగింది. బూషతా కూడా తగాదా మర్చిపోయాడు. ముందు వరసలో కూర్చున్న లల్లా గీతా ఉన్నట్టుండి అంది.

"ఆవిడ రేవుకు వెళ్లదు బా జిలాలి. వెళ్తే ఎవరేం చెప్తారో అని భయం. ఇంకో దారిన చుట్టూ తిరిగి పోతుంది."

 జిలాలి కథలో తల్లిని రేవు నుంచి వెనక్కి తిప్పి, రంగు బానల పక్కగా చుట్టుదారిన నడిపించాడు. ఆ రోజు చేతులు చాపమని, ముందు తనే చాపాడు.

జనం చెదిరాక ఆవిడ దగ్గరికొచ్చింది. జిలాలి క్షమాపణ లాంటిదేదో గొణిగాడు. అది కథేననీ, ఆ మీమూన్ వేరనీ.

"నీవాడు రంగులవాడి కొడుకని నాకు మొదటి రోజే తెలుసు. నేనేమన్నా చెవిటిదాన్నా?" అంది లల్లా గీతా. "మా వీధిలో వాడి పేరెత్తడం మానేశారు. నేను వస్తే మాట మారుస్తారు. ఇక్కడ ఇంతమంది చేతులు ఒక్కసారిగా ఆ పేరుకు లేస్తుంటే చూశాను. నీ కథ నీ ఇష్టం, ఎటైనా నడుపుకో. ఆ చేతులు మాత్రం దించకు."

బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. కర్ర ఒళ్లో పెట్టుకుని జిలాలి మెట్టు మీద కూలబడ్డాడు. జర్వాల్‌ను ఇక ఇంట్లో ఉంచితే లాభం లేదనీ, బూషతా అన్నదాంట్లోనూ తప్పులేదనీ అన్నాడు. అన్న పోయాడన్న కబురు రాకుండా తమ్ముడు ఎందుకు బయల్దేరతాడని అడిగాను.

"ఏ కబురూ రాలేదనే బయల్దేరతాడు. వెతకడానికి. మా గురువు ముంచాడు గనక నేనూ ముంచుతూ వచ్చాను," అన్నాడు. "మరి జర్వాల్ దారినపడ్డాక, కథలో లేనివాడి కోసం చేతులు చాపమని నా అంతట నేను అనకూడదు. అది మా కథకుల కట్టుబాటు. కానీ వింటున్నవాడు ఎవరైనా అడిగితే, జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికీ లేదు."

జెల్లాబా మీది ఉన్ని పోగొకటి తీసి, అది గాలికి పోయేదాకా చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నువ్వు వెనకాల నిలబడు. జర్వాల్ గుర్రమెక్కుతున్నా సరే, పెళ్లాడుతున్నా సరే, మధ్యలో అడ్డుపడి అడుగు. బా జిలాలి, ఆ ఓడ సంగతేమైందీ అని. నేను విసుక్కుంటాను, తిడతాను కూడా, పట్టించుకోకు. ఇంకా కబురు లేదు, చేతులు చాపండి అంటాను. నువ్వు ఏ కొట్టులోనూ పనికి నాలుగు రోజులు నిలవవని బూషతా అంటుంటాడు. దీనికి మాత్రం రోజూ రావాలి. వానొచ్చినా రావాలి. వస్తావురా?"