తన బండి తన పేరుతోనే: మా పైడితల్లి టీచర్

ఉదయం ప్రార్థన గంట కొట్టబోతుండగా ఫోన్ మోగింది. పైడితల్లి టీచర్ నిద్రలోనే తనువు చాలించారని ఆమె తమ్ముడు చెప్పాడు. ముందురోజు సాయంత్రమే కటకాల పాఠానికి కావలసినవన్నీ ప్రయోగశాలలో సర్ది, "రేపు ఎండ బాగుంటే పిల్లల్ని బయటికి తీసుకెల్దాం మాస్టారూ" అని చెప్పి వెళ్లిన మనిషి! ఎదురుగా పిల్లలు బారులు తీరి నిలబడ్డారు. ఇరవయ్యేళ్లుగా తెలుగు చెబుతున్న నేను ఆ వార్తను ఒక్క ముక్కలో చెప్పి ప్రార్థన మొదలుపెట్టించాను.

విశాఖ తీరంలోని మత్స్యకార కుటుంబంలో పుట్టిన ఆమెకు శైశవంలోనే పోలియో వల్ల కాళ్లు చచ్చుబడ్డాయి. తల్లి నూకాలమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతూ, కూతుర్ని చంకనెత్తుకొని బడికి చేర్చేది. ఆ బిడ్డే భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలై ఆనందపురంలోని మా పాఠశాలకు వచ్చారు. చంకకర్రలు చూస్తే బస్సులు ఆగేవి కావు. ఆగినా ఎవరో ఒకరు ఎత్తి ఎక్కించాలి. "సాయం సేసినోల్లకి దండం ఎడతాను గానీ మాస్టారూ, రోజూ మూటలాగ ఎక్కడం నా వల్ల కాదు" అనేవారు.

కోయంబత్తూరులో ఒక వృద్ధ మెకానిక్, తనకూ కాళ్లు పనిచేయకపోవడంతో, ఇనుప గొట్టాల చట్రానికి పాత కారు ఇంజను బిగించి, పైన ఫైబర్ తొడుగు వేసి, సమస్తమూ చేతులతోనే నడిచే రెండు సీట్ల కారు తయారుచేసుకున్నాడు. చూపు మందగించి దాన్ని అమ్మదలచాడని తెలిసి, టీచర్ రైలెక్కి వెళ్లి, ఆయన దగ్గరే నడపడం నేర్చుకొని మరీ కొన్నారు. ఆకుపచ్చని ఆ కారు లారీ మీద విశాఖ చేరింది.

అసలు పరీక్ష రవాణా కార్యాలయంలో ఎదురైంది. "కాగితాల్లో ఉన్న పాత కారు వేరు, నా ముందున్న కారు వేరమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. చట్రం, బ్రేకులు గట్టివని పరీక్షా కేంద్రం చెప్పాలి. లేకపోతే నంబరివ్వలేను."

బయట టీకొట్టు దగ్గర ఒక ఏజెంటు తగులుకున్నాడు. "ఎందుకు మేడమ్ ఈ తిరుగుడు? తుక్కుకెల్లిపోయిన కారు నంబరొకటుంది. తగిలించీసి తోలీసుకోండి."

"నాకు కాల్లు లేవు గానీ పేరుంది బాబూ. నా బండి నా పేరుతోనే తిరగాల" అన్నారామె. ఆ స్వరంలో ఆగ్రహం లేదు, సందేహమూ లేదు.

పరీక్షా కేంద్రంలో తొలిసారి బ్రేకులు నిలవలేదు. నేను ఆ ఇన్‌స్పెక్టరును నాలుగు మాటలని తిట్టాను. టీచర్ అడ్డుపడ్డారు. "ఆయన మీద కోపం ఎందుకు? బ్రేకు పట్టకపోతే పోయేది నా ఒక్కదాని పేనమేనేటి?" చేపల రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే తమ్ముడూ అతని స్నేహితులూ బ్రేకులు మార్చారు, చట్రానికి కొత్త అతుకులు వేశారు. కారు మళ్లీ లారీ ఎక్కి పరీక్షా కేంద్రానికి వెళ్లింది. నెలలు గడిచాయి. "కారొచ్చిందా టీచర్?" అని పిల్లలు రోజూ అడిగేవారు. "నా కారు సంగతి సరే, మీ హోంవర్కొచ్చిందా?" అనేవారామె.

రెండు పత్రాలూ చేతికొచ్చాక, చివరి తనిఖీ నాడు నేనూ స్కూటరు మీద వెంట వెళ్లాను. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చొని, కొండవాలు రోడ్డు సగంలో ఆపమన్నాడు. టీచర్ బ్రేకు లాగారు. కారు అంగుళం జారలేదు.

"నడపడం ఎవరు నేర్పారమ్మా?"

"బండి సేసిన ముసలాయన సగం, బయం సగం నేర్పినాయండి."

ఆయన నవ్వి, కార్యాలయానికి వచ్చి సంతకం చేశాడు.

ఆ మర్నాడే తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని పూర్ణా మార్కెట్టుకు వెళ్లారు. నూకాలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "తప్పుకోండర్రా! మా పాప కారు తోలతన్నాది!" అని కేక వేసిందట. ఆ పాపకు అప్పటికే తల నెరుస్తోంది.

తన కార్యం నెరవేరగానే ఆమె విశ్రమించలేదు. వికలాంగులెవరైనా వాహనం కోసం అవస్థ పడుతున్నారని తెలిస్తే స్వయంగా వెంటబెట్టుకొని రవాణా కార్యాలయానికి వెళ్లేవారు. భయపడేవారికి నడపడం నేర్పేవారు. ఏ నిబంధననూ తప్పించుకోమని ఎవరికీ చెప్పలేదు. నిబంధనకు లొంగడం కాదు, దానికి దీటుగా నిలబడడం ఆమె శైలి.

అంత్యక్రియల నాడు వారి వీధంతా మూడు చక్రాల స్కూటర్లతో, చేతితో నడిపే కార్లతో నిండిపోయింది. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలో పనిచేసే ఒక యువతి తన స్కూటరు మీదే వచ్చింది. పార్థివదేహానికి నమస్కరించి నా వైపు తిరిగింది.

"రోడ్డు మీద బయమేసినప్పుడల్లా ఫోన్ సేసీదాన్నండి. ఇంకెవులికి సెయ్యాల?"

అలాంటి సహోద్యోగినితో ఒకే బడిలో పాఠాలు చెప్పానన్నది నా జీవితానికి గర్వకారణం. ఆ మహనీయురాలికి నా అశ్రుపూరిత నమస్సులు.