లైఫ్ లేదు మామా

మా మేనమామ కేసముద్రం మార్కెట్లో ముప్పై ఏళ్లు ధాన్యం తూకం వేశాడు. నాకు పేకాట నేర్పింది ఆయనే. ఆటలో ఆయనకొక పద్ధతి ఉండేది. ఎదుటివాడు పెద్దవాడైనా, కొత్తగా నేర్చుకుంటున్నవాడైనా, "షో" అని ముక్కలు పరిస్తే మామ తప్పొప్పులు చూసేవాడు కాదు. తన చేతిలో ఎంత మంచి ఆట ఉన్నా ముక్కలు మూసి కట్టలో కలిపేసి "నీదే" అనేవాడు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి కదా, చూడకుండా మార్కులు వేయడమేంటని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"ఆడేతందుకు వచ్చినవా, పేపర్లు దిద్దేతందుకు వచ్చినవా అల్లుడా?" అనేవాడు.

పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖానలో ఇరవై రోజులు పక్కనున్నది నేనే. కాలు మళ్లీ నడకకొచ్చింది, ఎడమ చెయ్యికి పట్టు రాలేదు. కళ్లు బాగానే ఉన్నాయి గానీ, ఎడమ పక్కన ఉన్నదాన్ని మెదడు పట్టించుకోదని డాక్టర్ చెప్పినప్పుడు విన్నది కూడా నేనే. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే మిగిలిపోయేది. కంచం తిప్పితే తినేవాడు. చాలాసార్లు ఆ కంచం నేనే తిప్పాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఈ ఎండాకాలం హనుమకొండలో మా కాలనీ సంఘం వాళ్లు రమ్మీ పోటీ పెట్టారు. పందెం డబ్బుల్లేవు, గెలిచినవాడికి శాలువా కప్పుతారు. జబ్బుపడ్డాక మామ నలుగురిలోకి రావడం అదే మొదటిసారి. "నన్ను ఇంక పేషెంట్ లెక్క చూడొద్దు. గంతే నాకు కావాలె," అన్నాడు ఆటో ఎక్కుతూ.

ముక్కలు నిలబెట్టుకోవడానికి గాడి తీసిన చెక్కముక్క ఒకటి వెంట తెచ్చుకున్నాడు. దాంతోనే ఒక్కొక్కరినీ ఇంటికి పంపాడు. మధ్యాహ్నానికి మిగిలింది మేమిద్దరమే. నూటొక్క పాయింట్లు చేరితే ఔట్. ఇద్దరం అంచు మీదే ఉన్నాం, ఆ ఒక్క ఆట ఓడినవాడి పని అయిపోయినట్టే.

నాకు పడ్డ ముక్కలు చూసి ఒళ్లు పులకరించింది. రెండు జోకర్లు, పైగా పంచినప్పుడే లైఫ్ పడింది. రమ్మీ ఆడనివాళ్లకు చెప్పాలి. జోకర్ సాయం లేకుండా ఒకే గుర్తువి మూడు ముక్కలు వరుసగా కలిస్తే దాన్ని లైఫ్ అంటాం. అది లేకుండా షో చెబితే, మిగతా ఆటంతా ఉన్నా ఓడిపోయినట్టే. నాకింక ఒక్క ముక్క వస్తే చాలు.

అది వచ్చేలోపే మామ "షో" అన్నాడు. ఆ గొంతులో అంత హుషారు విని నెలలైంది. కుడిచేత్తో ముక్కలన్నీ పరిచాడు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్లు మాత్రం తిన్నగా ఆయన ఎడమవైపు చివరకు పోయాయి. ఇస్పేటు ఐదు, ఆరు పక్కన ఇస్పేటు నాలుగు ఉండాలి. ఉన్నది కళావరు నాలుగు. రెండూ నలుపే.

ఇంకెవరూ చూడలేదు. చూడాల్సింది కూడా నేనొక్కణ్ణే. నా ముక్కలు మూసి కట్టలో కలిపేస్తే అయిపోయేది. "నీదే మామా" అన్న మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంత మంచి ఆట చేతిలో పెట్టుకుని పారేసుకోవడమా అనిపించింది. ఇంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ఉంటే బాగుండేది.

"లైఫ్ లేదు మామా," అన్నాను. క్లాసులో అన్నట్టు, గట్టిగానే.

చప్పట్లు ఆగిపోయాయి. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. చావును తప్పించుకుని వచ్చిన మనిషిని పట్టుకుని నలుగురిలో ఏమన్నానో అర్థమయ్యేసరికి చెవులు కాలిపోయాయి. మామ తల ఎడమకు తిప్పి చాలాసేపు వెతికి, ఆ ముక్కను కనిపెట్టాడు. "అవ్, లేదు," అన్నాడు. సెక్రటరీ నాకు శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టింది మామ ఒక్కడే, కుడిచేత్తో తన తొడమీద.

తిరుగు ఆటోలో ఆయన పక్కన కూర్చున్నప్పుడు, నేను మొట్టమొదట గెలిచిన ఆట గుర్తొచ్చింది. ఎర్ర ముక్కలు మూడు వరుసగా పేర్చి షో అన్నాను. ఎరుపంతా ఒకటే అనుకునేవాణ్ణి అప్పట్లో. మామ తన ముక్కలు మూసి "నీదే" అన్నాడు. ఆ గెలుపు గురించి ఏళ్ల తరబడి గొప్పలు చెప్పుకున్నాను. సిగ్గుతో ఆయన వైపు తిరగలేకపోయాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన దగ్గరికి పోయి ఆడుతున్నాను. షో చెప్పేముందు చెక్కముక్కను నావైపు తిప్పుతాడు. "జర చూడు అల్లుడా, లైఫ్ ఉన్నదా?" అంటాడు. అలా అడిగేలా చేసింది నేనే.

మొన్నటి ఆదివారం చూస్తే లైఫ్ లేదు. నా చేతిలో మంచి ఆట ఉంది. అయినా "ఉంది మామా, నీదే," అని నా ముక్కలు మూసి కట్టలో కలిపేశాను. ఆయన చెక్కను తనవైపు తిప్పుకుని, ఒక్కో ముక్కనూ వేలితో తాకుతూ, తల పూర్తిగా ఎడమకు తిప్పి, చివరిదాకా పోయాడు. ఆ చివరి ముక్క తీసి నా ముందు పెట్టాడు.

"ఆ పొద్దు అందర్ల ఉన్నదున్నట్టు చెప్పినవ్. ఇయ్యాల ఎవ్వలు లేరని దాస్తానవా అల్లుడా?"