తలుపు తియ్యని నవల

నిజామాబాద్‌లో మా గల్లీ ఆడవాళ్లందరిలాగే మా అత్తమ్మ కూడా బీడీలు చుట్టేటప్పుడు టీవీలో సీరియల్ పెట్టుకుంటుంది. కళ్లు ఒళ్లోని బీడీ ఆకుల చాటలో, చెవులు సీరియల్లో. ఆ ఏడుపులు వినీ వినీ నాకు ప్రాణం విసిగింది. ఒకరోజు పందెం వేశాను. నా ఫోన్లో నవల వినిపిస్తాను, నచ్చితే టీవీ బంద్, నచ్చకపోతే ఇక సీరియల్ మీద నోరెత్తను.

ఏరికోరి, పెద్ద అవార్డుకు తుది పోటీలో నిలిచిన నవల పెట్టాను. చదివే గొంతు ఎంతో బాగుంది. కథలో ఒకావిడ తలుపు దగ్గరికి వచ్చింది. గొళ్లెం మీద చెయ్యి వేసింది. ఆ గొళ్లేనికి పట్టిన తుప్పు గురించి అరగంట సాగింది. తర్వాత వాన. తర్వాత మళ్లీ తుప్పు.

నాకు ఒకటే ఆవలింతలు. పైకి మాత్రం ఆహా అన్నట్టు తలాడించాను. పరువు సంగతి మరి.

అసలు చిక్కు చాటలో వచ్చింది. బీడీ చుట్టే చేతులు చెవిలో పడేదాని వెంటే నడుస్తాయి. సీరియల్లో కొట్లాట వస్తే అత్తమ్మ బీడీలు టకటకా పడేవి. ఈ నవలకు ఆమె వేళ్లు కూడా ఆకు పట్టుకుని ఆలోచనలో పడ్డాయి. తడిపిపెట్టిన ఆకంతా ఎండి పెళపెళలాడింది. సాయంత్రం కార్ఖానాకు పోవాల్సిన కట్టలు సగమే అయ్యాయి.

"ఏందే పిల్లా, గామెకు ఇంట్ల పని లేదా?" అంది అత్తమ్మ.

"జర ఆగున్రి అత్తమ్మా, ముందట మస్తుంటది."

నేనే ఆగలేక వేగం రెట్టింపు చేశాను. ఆ చక్కటి గొంతు బోధన్ బస్సు కండక్టర్ గొంతైంది, తుప్పు మాత్రం తరగలేదు. అత్తమ్మ రిమోట్ అందుకుంది. ఓడిపోయాను. నిజం చెప్పాలంటే హాయిగానే అనిపించింది.

మర్నాడు సీరియల్ మధ్యలో, చాటలోంచి తలెత్తకుండానే అడిగింది.

"గామె తలుపు తీసిందా లేదా?"

వంటింట్లోకి వెళ్లి, నవలను చివరికి జరిపి విన్నాను. తియ్యలేదు. అవార్డు ఇచ్చేవాళ్లకు అదే నచ్చిందేమో, అత్తమ్మకు ఏ మొహంతో చెప్పను?

"తీసింది," అన్నాను.

"బయట ఎవలున్నరు?"

"ఆమె అత్త."

అత్తమ్మ టీవీ బంద్ చేసింది. తడి ఆకు ముందుకు లాక్కుని, "అత్త ఏమన్నదే? మొత్తం చెప్పు," అంది.

గెలిచాను కదా, ఇక తప్పదు. ఏడుపులతో సహా మొదలుపెట్టాను.