ఒంటిబిళ్ళ చెయ్యి

సూది తన చూపుడువేలి కొసలోంచి దిగిన సంగతి బట్ట చూశాక గాని ఆమెకు తెలియలేదు. గోధుమరంగు కారు సీటు కవరు మీద, కుట్టు పక్కనే, ఎర్రటి మరక పాకుతోంది. ఎవరిదబ్బా అని పక్క మిషను వైపు చూసింది. పక్కామె కెవ్వుమంది. అప్పుడు తన వేలు చూసుకుంది.

సూపర్వైజరు తిట్టలేదు. తిడితే బాగుండేది. "అక్కా, కొన్నాళ్ళు దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చో" అన్నాడు. ఆ బల్ల దగ్గరికి వెళ్ళినవాళ్ళు తిరిగి మిషను ఎక్కడం ఆమె ఇన్నేళ్ళలో చూడలేదు.

మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందని, చిన్న ఆపరేషనుతో సరిపోతుందని, ఆలస్యం చేస్తే మాత్రం పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పింది. "తిమ్మిరి ఎప్పట్నించి?" అని అడిగింది. ఆమె చెప్పలేకపోయింది. నొప్పి మొదలైన రోజైతే గుర్తుంటుంది. తెలియడం మానేసిన రోజు ఎలా గుర్తుంటుంది?

ఆపరేషనంటే సెలవు. సెలవంటే ఆమె మిషను ముందు ఇంకొకామె. అలాగని ఊరుకుంటే చెయ్యి. ఇంటికొచ్చి ఇదంతా కూరగాయల ధర చెప్పినట్టు భర్తకు చెప్పింది. అతను పార్సిల్ వ్యాను నడుపుతాడు. తింటున్నవాడల్లా ఆగిపోయాడు. ఆమె మాత్రం తింటూనే ఉంది. భయం వేస్తుందేమోనని లోపల వెతికి చూసుకుంది. ఏమీ తగల్లేదు. చెయ్యి ఎంత పోయిందో తెలిస్తే చాలు, తర్వాతి సంగతి తర్వాత అనుకుంది.

అది కొలవడానికి ఆమెకు ఒకే ఒక్క కొలబద్ద తెలుసు.

చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒక వీడియో గేముల హాల్లో ఊడ్చేది. తల్లి పని అయ్యేదాకా ఈమె మిషనులో ఒక బిళ్ళ వేసి, ఒకే ఆట ఆడుతూ ఉండేది. ఓడితేనే ఇంకో బిళ్ళ వెయ్యాలి కాబట్టి ఆ ఒక్క బిళ్ళే సాయంత్రమంతా సరిపోయేది. వెనక వరసకట్టిన మగపిల్లలు తిట్టీ తిట్టీ అలిసిపోయి ఆమెకు "ఒంటిబిళ్ళ" అని పేరు పెట్టారు. ఆ ఆటలో మూడో అంచెలో ఇనుప తలుపులు ఉంటాయి. చిన్న విమానం వాటి మధ్యనుంచి దూరాలి. ఎడమ గోడ మీది తుపాకి రెండుసార్లు పేలుతుంది. బొత్తాం ఒక నొక్కుకు ఒక్క గుండునే ఆపుతుంది. మొదటి గుండు తగలగానే బొత్తాం వదిలి, రెండోది బయల్దేరేలోపు మళ్ళీ నొక్కాలి. హాల్లో అందరూ అక్కడే చచ్చేవాళ్ళు. ఆమె ఎప్పుడూ చావలేదు.

ముందు భర్త ఫోనులో అలాంటి ఆటే దించుకుని ఆడింది. అద్దం మీద వేలు నొక్కిందో లేదో కళ్ళతో చూసుకోవాల్సొచ్చింది. ఓడితే తప్పు ఫోనుదా, వేలిదా? తేలదు. హాల్లో ఆ మిషను లోపల ఆటను నడిపిన పాత బోర్డే కావాలి. అది ముసలిదవదు, జాలిపడదు.

హాలు మూతపడ్డాక మిషన్లన్నీ తుక్కుకు పోయాయి. అక్కడి మెకానిక్ మాత్రం కొన్ని బోర్డులు తన ఇంటి అటక మీద దాచుకున్నాడు.

"ఒంటిబిళ్ళా! ఇంకా బతికే ఉన్నావా?" అన్నాడు తలుపు తీస్తూ.

"మీరే ఉన్నారు కదా మావయ్యా, నాకేం?"

పాత దుప్పటిలో చుట్టిన బోర్డు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. మూలన పంటి వరసలా తెల్లటి చిన్న స్విచ్‌లు, వాటి మీద ఎండిన ఎర్ర గోళ్ళరంగు. "ఆట ఎంత కష్టంగా ఉండాలో ఇవి చెప్తాయి. ఓనరు మేనల్లుళ్ళు వేళ్ళు పెట్టకుండా మా ఆవిడ గోళ్ళరంగుతో సీలు వేశా. నువ్వాడిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. వీటి జోలికి మాత్రం పోకు."

హాల్లో ఉండేలాంటి ఆటపెట్టె కొనే తాహతు లేదు, కొన్నా మెట్ల మలుపు తిరగదు. అందుకని ఇంట్లో దొరికినవాటితోనే పని కానిచ్చారు. పాడైన కంప్యూటరు లోపలి పవర్ డబ్బా కరెంటు ఇచ్చింది. బీరువా సొరుగు బోర్లించి, అడుగు చెక్కకు కన్నాలు చేసి, పాత బొత్తాలూ విమానాన్ని తిప్పే కర్రా బిగించారు. తీగల్ని ఆమె సీటు కవర్ల దారంతో కట్టకట్టింది. టంకం వేస్తుంటే బొటనవేలు కాలిన వాసన వచ్చింది. భర్త కాల్చే కడ్డీ లాక్కుని, "ఇక ఇది నా పని" అన్నాడు. ఆమె వేలు వైపు చూడకుండా అన్నాడు.

కొత్త పలక టీవీలో బొమ్మ చేతికన్నా ఒక అడుగు వెనక నడుస్తుందని మెకానిక్ చెప్పాడు. దాంతో పక్కవీధిలో ఎవరో పారేయబోతున్న డబ్బా టీవీ తెచ్చారు. భర్త దాన్ని మెట్ల మీద మోసుకొస్తూ, "నిన్ను ఎత్తుకున్నా ఇంత ఆయాసం రాలేదు" అన్నాడు.

"ఎప్పుడు ఎత్తుకున్నారు?"

"అదే, ఎత్తుకుంటే."

మెకానిక్ వచ్చి టీవీ వీపు విప్పి తీగలు కలిపి వెళ్ళాడు. ఆదివారం ఉదయం ఆమె మంచం అంచున కూర్చుని ఆడింది. మొదటి అంచె, రెండో అంచె. తలుపులు వచ్చాయి. విమానం దూరిపోయింది.

"చూశావా! చేతికేం కాలేదు" అని భర్త చప్పట్లు కొట్టాడు. ఆమె మళ్ళీ ఆడింది. మళ్ళీ దాటింది. సంతోషించాల్సిన చోటు ఇదే అనుకుంది, బట్ట మీద కుట్టు ఎక్కడ పడాలో గుర్తుపట్టినట్టు. సోమవారం సూపర్వైజరుతో, "వచ్చే వారం మిషను ఎక్కుతా" అంది. అతను తల గోక్కుని సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం దారాలు కత్తిరిస్తోంది. ఒక్కో కవరుకు రెండు మూలలు. టక్, టక్. పక్కన పడేయడం. టక్, టక్. కత్తెర ఆగింది. నిన్న తుపాకి ఒక్కసారే పేలింది.

ఇంటికి వెళ్ళగానే చెప్పులు కూడా విడవకుండా బోర్డు మీద కప్పిన గుడ్డ తీసింది. స్విచ్‌ల మీది ఎర్ర రంగు ఒకచోట పగిలి పెంకులా లేచింది. మెకానిక్‌కు ఫోను చేసింది.

"మావయ్యా, ఆ స్విచ్‌లు కదిపారా?"

"నేనా? నేను ముట్టుకోలేదమ్మా. ఏది కదిపితే ఏమవుతుందని అడిగితే చెప్పా, అంతే."

"ఎవరడిగారు?"

"మొగుడూ పెళ్ళాల మధ్య నన్నెందుకు ఇరికిస్తావే ఒంటిబిళ్ళా?"

పిన్నీసు తీసుకుంది. కుడిచేత్తో పట్టుకుంటే ఉందో జారిందో తెలియలేదు. ఎడమచేతికి మార్చుకుని, పగిలిన చోటున్న స్విచ్‌ను వెనక్కి నెట్టింది. భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆట నడుస్తోంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

తుపాకి రెండుసార్లు పేలింది. విమానం ముక్కలైంది.

మళ్ళీ మొదలుపెట్టింది. బొత్తాం వదిలాననే అనుకుంది. చూస్తే బొటనవేలు ఇంకా దాని మీదే నొక్కి ఉంది. మళ్ళీ ముక్కలైంది. ప్రతిసారీ అదే తలుపు, అదే బొటనవేలు.

"ఆ తలుపు దాటితే నీ మనసు కుదుటపడుతుందనుకున్నా" అన్నాడు అతను, నేల చూస్తూ.

"నేనూ అలాగే అనుకున్నా."

"కోపం వచ్చిందా?"

ఆమె ఆలోచించింది. "రాలేదు. వస్తే చెప్తాలెండి."

అతను నవ్వబోయి మానేశాడు. "మళ్ళీ తేలిక చెయ్యనా?"

"వద్దు. వచ్చే వారం మిషను ఎక్కుతానని చెప్పొచ్చాను. ఇదే వేలితో."

ఆమె లేచి గోళ్ళరంగు సీసా తెచ్చింది. మూత తిప్పబోతే పట్టు చిక్కలేదు. అతను తీసిచ్చాడు. ఎడమచేత్తో స్విచ్‌ల మీద రంగు పూసింది. కొంత బోర్డు మీదికి కారింది. "ఆరేదాకా ముట్టుకోకండి. ఆరాక కూడా."

"ముట్టుకోను."

రాత్రి భోజనానికి ముందే ఆసుపత్రికి ఫోను చేసింది. అవతలి అమ్మాయి డాక్టరు పేరు అడిగింది, ఏ ఆపరేషనో అడిగింది. భర్త పక్కనే నిలబడి, వ్యాను ఆఫీసులో సెలవు అడగడానికి తన ఫోను చేతిలో పట్టుకున్నాడు.

"ఏ చెయ్యి మేడమ్?"

ఆ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టుంది.

"కుడిది" అంది.